గేర్‌బాక్స్ దించాక వచ్చే ప్రశ్న: పాత కారు క్లచ్‌లో ఏ భాగం ఎక్కడిది?

సెకండ్ హ్యాండ్ కారుకు క్లచ్ మార్చడం మొదలుపెట్టినవారికి చాలాసార్లు అసలు చిక్కు గేర్‌బాక్స్ దించడంలో రాదు, దించాక వస్తుంది. మోడలు, తయారైన సంవత్సరం, ఇంజను రకం చూసి తెప్పించిన కొత్త క్లచ్ ప్లేటును పాత ప్లేటు పక్కన పెడితే రెండూ ఒకేలా ఉండవు. పాతది ఓ పదిహేను మిల్లీమీటర్లు పెద్దది. లేదా దాని మీద గుండ్రటి లైనింగుకు (రాపిడి పొరకు) బదులు విడివిడిగా ఆరు లోహపు ముక్కలు ఉన్నాయి. ఫ్లైవీల్ మామూలు పోత ఇనుములా కాకుండా తెల్లగా మెరుస్తోంది. కారు కాగితాల్లో వీటి ఊసే ఉండదు. అమ్మినవారిని అడిగితే, ఆయన కూడా ఇంకొకరి దగ్గర కొన్నదే.

ఇలాంటప్పుడు విడిభాగాల కేటలాగును తిట్టుకోవడం సహజమే గానీ, అందులో దాని తప్పేమీ లేదు. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున ఎలా ఉందో అది చెబుతుంది. ఆ తర్వాత పదేళ్లలోనో ఇరవై ఏళ్లలోనో ఎవరెవరు ఏమేం మార్చారో దానికి తెలియదు. సైలెన్సరో చక్రాలో మార్చి ఉంటే కొనేటప్పుడే కంటపడతాయి. క్లచ్ అలా కాదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య, బెల్ హౌసింగ్ అనే మూత లోపల ఉంటుంది. అందుకే పాత యజమానుల మార్పుల్లో అన్నిటికంటే ఆలస్యంగా బయటపడేవి ఇక్కడివే.

క్లచ్ అంటే ఒక భాగం కాదు, కొన్ని జతలు

ఇంజను క్రాంక్‌షాఫ్టు చివర బోల్టులతో బిగించి ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్. దాని మీద ప్రెజర్ ప్లేటు బిగుస్తుంది. ఈ రెండింటి మధ్య నొక్కుకుని తిరిగేది క్లచ్ ప్లేటు. డిస్కు అనేవారూ ఉన్నారు. ప్లేటు నడుమ పళ్లున్న రంధ్రం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు మీది పళ్లలో కూర్చుంటుంది. ఈ పళ్లే స్ప్లైన్లు. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ కదిలి, ప్రెజర్ ప్లేటు మధ్యలో వేళ్లలా కనిపించే డయాఫ్రమ్ స్ప్రింగును నొక్కుతుంది, పట్టు వదులుతుంది. బేరింగును ఫోర్కు కదుపుతుంది. ఫోర్కును కేబులో, పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా అందుకునే స్లేవ్ సిలిండరో కదుపుతుంది. కొన్ని కార్లలో ఫోర్కే ఉండదు. స్లేవ్ సిలిండరూ బేరింగూ కలిసి ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఒకే భాగంగా ఉంటాయి.

గుర్తింపులో వచ్చే గందరగోళమంతా ఒక సంగతి మరవడం వల్లే వస్తుంది. వీటిలో ప్రతి భాగానికీ కనీసం ఇద్దరు చుట్టాలు ఉంటారు. ప్లేటు స్ప్లైన్లు గేర్‌బాక్సును బట్టి ఉంటాయి, దాని వ్యాసం ఫ్లైవీల్‌ను బట్టి ఉంటుంది. ఫ్లైవీల్ మధ్యలోని బోల్టు రంధ్రాలు ఇంజనువి, అంచు పళ్లు స్టార్టర్ మోటారువి, ముఖం మీది రంధ్రాలు ప్రెజర్ ప్లేటువి. ప్రెజర్ ప్లేటు వేళ్ల ఎత్తు రిలీజ్ బేరింగుతో ముడిపడినది. కాబట్టి “ఇది ఏ కారు క్లచ్?” అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలన్న నియమం లేదు. గేర్‌బాక్సు ఒక కారుది, ఫ్లైవీల్ మరో కారుది, నడుమ ప్లేటు మూడో సంస్థ చేసినది కావచ్చు. అయినా కారు ఏళ్ల తరబడి హాయిగా నడిచి ఉండవచ్చు.

ఆఫ్టర్‌మార్కెట్ అన్న ఒక్క మాట కింద ఉన్న రకాలు

కారు కంపెనీ తన పేరుతో అమ్మని భాగాలన్నిటినీ ఆఫ్టర్‌మార్కెట్ అంటారు. ఈ నిర్వచనం మరీ వెడల్పు. క్లచ్‌లను దాదాపు ఏ కారు కంపెనీ సొంతంగా చేసుకోదు. సాక్స్, లూక్, వాలియో, ఎక్సెడీ, ఐసిన్ లాంటి తయారీదారుల దగ్గర కొంటుంది. అదే తయారీదారు అదే ప్లేటును తన సొంత డబ్బాలో పెట్టి బయట కూడా అమ్ముతాడు. పేరుకు ఇది ఆఫ్టర్‌మార్కెట్టే, వస్తువు మాత్రం ఒరిజినల్. ఇలాంటి భాగాల మీద ఒక్కోసారి చిన్న మచ్చ కనిపిస్తుంది: కారు కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట అంగుళం పొడవున గ్రైండింగ్ రాయితో గీకేసిన జాడ. దాన్ని చూసి దొంగ సరుకని అనుకునేవారు ఎక్కువ. కంపెనీ గుర్తుతో బయట అమ్మే హక్కు లేక తయారీదారే దాన్ని చెరిపేసి ఉండే అవకాశం కూడా అంతే ఉంది.

రెండో రకం, ఫ్యాక్టరీ కొలతలనే అనుసరించి వేరే సంస్థలు చేసే మామూలు బదులు భాగాలు. మూడోది రీమాన్యుఫ్యాక్చర్డ్, అంటే పాత భాగాన్ని విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ రంగు వేసి అమ్మేది. వీటి మీద పాత కంపెనీ అంకెలు అలాగే ఉంటాయి, పైన కొత్తగా చెక్కిన మరో అంకె ఉంటుంది. రంగు కింద పాత తుప్పు గుంటలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. నాలుగోది పనితీరు కోసం చేసినవి: ఏసీటీ, స్పెక్, క్లచ్ మాస్టర్స్, సెంటర్‌ఫోర్స్, ఓఎస్ గికెన్ లాంటి పేర్లు ఈ వర్గంలో వినిపిస్తాయి. ఐదోది, అందరూ మరిచిపోయేది: ఒరిజినల్ భాగమే, కాకపోతే వేరే మోడలుది.

నకిలీలు ఉంటాయి, వాటి సంగతి వేరు. ఏళ్ల తరబడి వాడి మసిపట్టిన ప్లేటు మీద హోలోగ్రాములూ డబ్బా మీది కోడ్లూ మిగలవు కాబట్టి, కారులోంచి తీసిన పాత భాగం అసలుదో నకిలీదో తేల్చడం చాలావరకు వృథా ప్రయాస. కొనబోయే కొత్త భాగం విషయంలోనే ఆ తనిఖీకి అర్థం ఉంటుంది.

భాగం మీది అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

భాగం మీద కనిపించే ప్రతి అంకె పార్టు నంబరు కాదు. పోత పోసేటప్పుడే ఉబ్బెత్తుగా వచ్చే అంకె ఆ అచ్చుది. ఒకే అచ్చులో పోసిన ఫ్లైవీల్‌ను రెండు మూడు రకాలుగా తొలిచి వేర్వేరు ఇంజన్లకు వాడటం మామూలే. కాబట్టి పోత అంకెను వెతికితే దగ్గరి బంధువు దొరకవచ్చు, అదే మనిషి దొరకకపోవచ్చు. తర్వాత సుత్తిపోటుతోనో లేజరుతోనో వేసిన అంకె పార్టు నంబరుకు ఎక్కువ దగ్గర. వీటితోపాటు తయారైన వారం, సంవత్సరం చెప్పే కోడ్లు ఉంటాయి. కారు వయసు కన్నా ప్లేటు వయసు తక్కువని కోడు చెబితే క్లచ్ ఒకసారి మారిందని తేలిపోతుంది. ఇది చిన్న విషయమే అయినా, “ఇంతవరకు ముట్టుకోలేదు” అన్న అమ్మకందారు మాటను కొట్టివేసే సాక్ష్యం.

ప్లేటు మీద ఏ వైపు ఎటు ఉండాలో సూచించే రాత ఉంటుంది. జర్మన్ తయారీ ప్లేటు మీద “గెట్రీబెజైటె” అని ఉంటే అది బ్రాండు పేరు కాదు, గేర్‌బాక్స్ వైపు అని అర్థం. దాన్నే సంస్థ పేరనుకుని వెతికేవారు ఉంటారు. రంగు చుక్కలు కూడా ఇలాంటివే: తయారీలో తూకం చూసిన గుర్తులో, స్ప్రింగుల రకాన్ని వేరుచేసే గుర్తులో కావచ్చు. ప్రెజర్ ప్లేటు కవరు అంచున అక్కడక్కడా చిన్న గుంతలు తొలిచి ఉండటం, కొన్ని రంధ్రాల్లో మాత్రమే రివెట్లు ఉండటం లోపాలు కావు, తిరిగేటప్పుడు కంపనం రాకుండా తూకం సరిచేసిన ఆనవాళ్లు.

పేర్లు కూడా కాలంతో మారతాయి. పాత ప్లేటు మీద దైకిన్ అని ఉంటే, ఏసీలు చేసే సంస్థకు దీనితో పనేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. నేడు ఎక్సెడీ అని పిలిచే క్లచ్ తయారీదారు 1995 వరకు ఆ పేరుతోనే ఉంది. ఎఫ్ అండ్ ఎస్ అని ఉంటే ఫిక్టెల్ అండ్ సాక్స్, అంటే ఇప్పటి సాక్స్. అలాగని బ్రాండు తెలియగానే పని అయిపోదు. ఎక్సెడీ ఫ్యాక్టరీ ప్లేట్లూ చేస్తుంది, పందెం కార్ల ప్లేట్లూ చేస్తుంది. ఆ రెండింటినీ వేరుచేసేది పేరు కాదు, ప్లేటు రూపం.

క్లచ్ ప్లేటును చదవడం

ముందుగా కనబడేది రాపిడి పదార్థం. ప్లేటు చుట్టూ అఖండమైన వలయం, మధ్య మధ్య గాడులు, కొద్దిగా గోధుమ లేదా బూడిద రంగు, దగ్గరగా చూస్తే నేత దారాల జాడ కనిపిస్తే ఆర్గానిక్ లైనింగు. ఫ్యాక్టరీ ప్లేట్లలో అత్యధికం ఇవే. పసుపు ఛాయతో సన్నని నూగు లేస్తున్నట్టు ఉంటే కెవ్లార్ రకం కావచ్చు. మూడు, నాలుగు లేదా ఆరు విడి ముక్కలు, వాటిలో రాగి రంగు రేణువులు కనిపిస్తే సిరామిక్, లోహం కలిపి చేసిన పక్ ప్లేటు. ఇది దాదాపు ఎప్పుడూ పనితీరు కోసం పెట్టినదే. వేడిని బాగా తట్టుకుంటుంది, పట్టు ఒక్కసారిగా పడుతుంది. పాత కార్ల లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. యూరోపియన్ యూనియన్ దాన్ని 2005 నుంచి పూర్తిగా నిషేధించింది గానీ, అంతకుముందు బిగించినవి లోపల ఉండనే ఉంటాయి. వయసు తేలని ప్లేటు మీది దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకపోవడానికి కారణం అదే.

రెండోది మధ్యభాగం. ఇక్కడ చుట్టూ చుట్ట స్ప్రింగులు ఉంటే అవి ఇంజను కుదుపులను మింగడానికి పెట్టినవి. ఏమీ లేకుండా మొద్దుగా ఉంటే దానికి రెండు అర్థాలు ఉన్నాయి, ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా భిన్నం. ఒకటి, అది పందెం ప్లేటు. రెండోది, కుదుపులను మింగే పని ఫ్లైవీల్ చేస్తోంది కాబట్టి ప్లేటుకు స్ప్రింగులు అవసరం లేదు. కాబట్టి స్ప్రింగులు లేవు గనుక రేసింగ్ ప్లేటని, ఫ్లైవీల్ చూడకుండా తీర్మానించడం తొందరపాటు.

మూడోది స్ప్లైన్లు. పళ్ల సంఖ్య, షాఫ్టు వ్యాసం కలిపితే గేర్‌బాక్సు ఏదో చెప్పే అత్యంత నమ్మకమైన సాక్ష్యం ఇదే, ఎందుకంటే ఇక్కడ అబద్ధానికి చోటు లేదు. పళ్లు కుదరకపోతే ప్లేటు షాఫ్టు మీదికి ఎక్కదు. కొత్త ప్లేటు వ్యాసం సరిపోయి స్ప్లైన్లు సరిపోకపోతే, మారింది క్లచ్ కాదు గేర్‌బాక్సు అని అనుమానించాలి.

లైనింగు మందం గుర్తింపుకు పనికిరాదు, అరుగుదల చెబుతుందంతే. లైనింగు ఉపరితలం నుంచి రివెట్ తల లోతు 0.3 మిల్లీమీటర్లకు తగ్గితే ప్లేటు అయిపోయినట్టని చాలా సర్వీసు మాన్యువళ్లు చెబుతాయి.

ప్రెజర్ ప్లేటు, ‘స్టేజ్’ అనే మాయ

క్లచ్ ఎంత టార్కును (తిప్పే బలాన్ని) జారకుండా మోస్తుందో చెప్పే లెక్క సులువైనదే. రాపిడి ముఖాల సంఖ్య, రాపిడి గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్థం: ఈ నాలుగింటినీ గుణిస్తే చాలు. ఒక ఊహా ప్లేటు తీసుకుందాం. బయటి వ్యాసం 228 మి.మీ., లోపలి వ్యాసం 150 మి.మీ. సగటు వ్యాసార్థం 94.5 మి.మీ., అంటే 0.0945 మీటరు. నొక్కే బలం 5,000 న్యూటన్లు, రాపిడి గుణకం 0.3, ఒక ప్లేటుకు రెండు ముఖాలు. గుణిస్తే సుమారు 284 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు ఒక్కొక్కటే మార్చి చూడండి. లైనింగు మార్చి గుణకాన్ని 0.4 చేస్తే 378 వస్తుంది. లైనింగు అలాగే ఉంచి, స్ప్రింగు బలాన్ని 30 శాతం పెంచితే 369. రెండు ప్లేట్ల క్లచ్ పెడితే ముఖాలు నాలుగు అవుతాయి కాబట్టి 567. మొదటి రెండు మార్పుల ఫలితం దాదాపు ఒకటే గానీ, నడిపేవారికి అనుభవం వేరు. మొదటిదానిలో పెడల్ మెత్తగానే ఉంటుంది, పట్టు మాత్రం దూకుతుంది. రెండోదానిలో పట్టు మామూలుగా ఉంటుంది, పెడల్ బరువెక్కుతుంది. పాత కారులో పెడల్ అసాధారణంగా బరువుగా ఉందన్న ఫిర్యాదు విప్పకముందే ఒక ఆచూకీ ఇస్తుందన్నమాట. కాకపోతే ఎండిపోయిన కేబులూ అరిగిన ఫోర్కు కీలూ కూడా అలాంటి బరువే తెస్తాయి.

అమ్మకాల్లో వినిపించే స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అన్న మాటలకు అన్ని సంస్థలకూ వర్తించే ప్రమాణం ఏదీ లేదు. ఒకరి రెండో స్టేజ్ మరొకరి మూడోది కావచ్చు. పాత యజమాని “స్టేజ్ 2 వేయించాను” అని చెబితే, ఫ్యాక్టరీది కాదని తప్ప అందులో తెలిసేది ఏమీ లేదని నా ఉద్దేశం.

రూపంలో చూడదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి. డయాఫ్రమ్ వేళ్ల మీద చిన్న బరువులు అమర్చి ఉంటే అది సెంటర్‌ఫోర్స్ పద్ధతి. వేగం పెరిగేకొద్దీ ఆ బరువులు అపకేంద్ర బలంతో నొక్కుడును పెంచుతాయి. కవరు కింద చిన్న స్ప్రింగులతో, వాలు మెట్లున్న రింగు కనిపిస్తే అది అరుగుదలకు తనంతట తాను సర్దుకునే రకం. దాన్ని సరైన పనిముట్టు లేకుండా విప్పితే రింగు చోటు తప్పుతుంది. తప్పిన రింగు చూసి భాగమే వేరేదనుకునే ప్రమాదం ఉంది.

మరొకటి, నెట్టే రకమా లాగే రకమా అన్నది. మామూలు క్లచ్‌లో బేరింగు వేళ్లను ఇంజను వైపు నెడుతుంది. లాగే రకంలో బేరింగు వేళ్లకు తగులుకుని ఉండి గేర్‌బాక్స్ వైపు లాగుతుంది. బేరింగును ముందు విడిపించకపోతే గేర్‌బాక్సు రాదు. ఒకే మోడలులో రెండూ ఉండవచ్చు. నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ మొదట నెట్టే రకంతో వచ్చింది, 1993లో లాగే రకానికి మారింది. అలాంటి కార్ల కోసం ఒక రకాన్ని మరో రకంగా మార్చే కిట్లు కూడా అమ్ముతారు. ఫోర్కు ఆకారం, దాని కీలు ఏ వైపున ఉందో చూడకుండా ప్రెజర్ ప్లేటు ఒక్కటే చూస్తే ఈ సంగతి సగమే తెలుస్తుంది.

ఫ్లైవీల్: ఎక్కువ రహస్యాలు దాచేది ఇదే

ఫ్లైవీల్ ఒకే దిమ్మలా కాక రెండు పొరలుగా ఉండి, చేత్తో తిప్పితే పై పొర కొద్దిగా తిరిగి మళ్లీ వెనక్కి వస్తే అది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. లోపల పొడవైన వంపు స్ప్రింగులు, గ్రీజు ఉంటాయి. 1985లో లూక్ సంస్థ దీన్ని భారీ ఉత్పత్తిలోకి తెచ్చింది. ఏక దిమ్మగా ఉంటే సాలిడ్ లేదా సింగిల్ మాస్. ఫ్యాక్టరీలో డ్యూయల్ మాస్ ఉన్న కారులో ఇప్పుడు సాలిడ్ కనిపిస్తే ఎవరో మార్పిడి కిట్టు వేశారని అర్థం.

ఈ మార్పిడి మంచిదా కాదా అన్న వాదన చాలా కాలంగా నడుస్తోంది. సాలిడ్ వైపువారి మాట: అరిగే స్ప్రింగులు లేవు, వేడికి నీలంగా మారినా లేతులో ముఖం చెక్కించుకోవచ్చు, తర్వాతి సారి ప్లేటు మారిస్తే చాలు. రెండోవైపువారి మాట కూడా తేలికగా తీసేయదగింది కాదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు రెండుసార్లు మండుతుంది. నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో ఇది సెకనుకు సుమారు 27 తోపులు. సాలిడ్ ఫ్లైవీల్, స్ప్రింగు ప్లేటు ఉన్న అమరికలో ఈ తోపులకు గేర్‌బాక్సు లయ కలిపి గట్టిగా కంపించే వేగాలు మామూలుగా నడిపే పరిధిలోకి వస్తాయి. డ్యూయల్ మాస్ వాటిని ఐడిలింగ్ కన్నా కిందికి నెట్టేస్తుంది. అది తీసేస్తే తక్కువ వేగంలో గేర్ల గలగల, కొన్ని డీజిళ్లలో గేర్‌బాక్సు మీద అదనపు భారం. వాలియో లాంటి తయారీదారు డ్యూయల్ మాసూ చేస్తాడు, ఎక్కువ కదలిక ఉన్న స్ప్రింగు ప్లేటుతో సాలిడ్ కిట్టూ అమ్ముతాడు. దీన్నిబట్టి జవాబు ఇంజనును, వాడకాన్ని బట్టి మారుతుందనే తేలుతుంది. డీజిల్‌కూ పెట్రోల్‌కూ ఒకే తీర్పు చెప్పేవారిని నమ్మడం కష్టం.

గుర్తింపు దృష్టితో చూస్తే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. డ్యూయల్ మాస్‌కు సాధారణంగా స్ప్రింగులు లేని ప్లేటు జత. సాలిడ్‌కు స్ప్రింగులున్న ప్లేటు జత. కేటలాగు ప్రకారం తెప్పించిన స్ప్రింగుల్లేని ప్లేటును సాలిడ్ మీద బిగిస్తే అది పట్టుకుంటుంది, కారు కదులుతుంది, కుదుపులను మింగేది మాత్రం ఎక్కడా మిగలదు.

తెల్లగా మెరుస్తూ, రాపిడి జరిగే చోట చిన్న బోల్టులతో ఉక్కు పలక బిగించి ఉంటే అది అల్యూమినియం ఫ్లైవీల్. ఆ పలకను విడిగా మార్చవచ్చు. ఫ్లైవీల్ మీద ఎస్‌ఎఫ్‌ఐ 1.1 అన్న చీటీ ఉంటే, అది పందేల భద్రతా ప్రమాణం ప్రకారం చేసినదని అర్థం. మామూలు కారుకు పొరపాటున వచ్చి చేరే భాగం కాదు అది. ఎవరో కావాలని పెట్టినదే.

అంచు వైపు చూస్తే మరో రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి స్టార్టర్ పళ్లు. షెవర్లే స్మాల్ బ్లాక్ ఇంజన్లకు 153 పళ్ల ఫ్లైవీలూ 168 పళ్ల ఫ్లైవీలూ ఉన్నాయి, వాటి వ్యాసాలు వేరు. వేరే సైజుది పెట్టి స్టార్టరును మార్చకపోతే పళ్లు సరిగా కలవవు. రెండోది సెన్సరు గుర్తులు. చాలా యూరోపియన్ ఇంజన్లలో ఫ్లైవీల్ అంచున 60 పళ్ల చోట 58 మాత్రమే ఉంచి, ఆ ఖాళీని బట్టి క్రాంక్‌షాఫ్టు ఎక్కడుందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. ఆ పళ్లు లేని ఫ్లైవీల్ బిగిస్తే ఇంజను అసలు స్టార్టే కాదు. అది స్టార్టవుతూ ఉందంటే పాత యజమాని వేరే సెన్సరో వేరే కంప్యూటరో పెట్టి ఉండాలి, దాన్ని కూడా వెతకాలి.

మూడు ఉదాహరణలు

మొదటిది సులువైనది. 1.6 లీటర్ల ఇంజనున్న తొలి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5లోంచి 215 మి.మీ. ప్లేటు బయటికి వచ్చిందనుకుందాం. ఆ ఇంజనుకు ఫ్యాక్టరీ ప్లేటు 200 మి.మీ. 215 అన్నది తర్వాత వచ్చిన 1.8 లీటర్ల కారు కొలత. పెద్ద ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు 1.6 మీద నేరుగా కూర్చుంటాయి కాబట్టి చాలామంది అలా మార్చుకున్నారు. ఇక్కడ పెట్టిన భాగాలు అన్నీ ఒరిజినలే కావచ్చు, కేవలం తమ్ముడి ఇంట్లోవి. కొనాల్సింది 1.8 సెట్టు. కారు కాగితాల్లోని 1.6 చూసి 200 మి.మీ. ప్లేటు తెప్పిస్తే, ప్రెజర్ ప్లేటు బయటి అంచు ఖాళీగా తిరుగుతుంది.

రెండోది కొంచెం చిక్కు. ఫోక్స్‌వాగన్ 1.9 టీడీఐ (డీజిల్) లేదా 1.8 టర్బో (పెట్రోల్) ఇంజనున్న కారులో 228 మి.మీ. స్ప్రింగు ప్లేటు, దాని వెనుక సాలిడ్ ఫ్లైవీల్ కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో ఉండాల్సింది డ్యూయల్ మాస్. ఈ కార్లలో ప్రసిద్ధమైన మార్పిడి ఒకటుంది: పాత జీ60 ఇంజను ఫ్లైవీల్‌కు వీఆర్6 అనే ఆరు సిలిండర్ల ఇంజను క్లచ్ జతచేయడం. అంటే కారు ఒకటి, ఫ్లైవీల్ రెండో కారుది, ప్లేటు మూడో కారుది. మూడూ ఒకే కంపెనీవి కాబట్టి భాగాల మీద కంపెనీ గుర్తులు నిజంగానే ఉంటాయి. “ఒరిజినల్ గుర్తు ఉంది కదా, ఈ కారుదే” అన్న తర్కం ఇక్కడే దెబ్బతింటుంది.

మూడోది కంటికి కనిపించనిది. ఫోర్డ్ 302 అనే 5.0 లీటర్ల వీ8 ఇంజను తూకంలో కొంత భాగం ఫ్లైవీల్ మీదే ఆధారపడి ఉంటుంది. పాత ఇంజన్లకు ఫ్లైవీల్‌లో కావాలని ఉంచిన ఆ అసమతూకం 28 ఔన్స్-అంగుళాలు, 1980ల తొలినాళ్ల నుంచి వచ్చినవాటికి 50. రెండు ఫ్లైవీళ్లూ ఒకే క్రాంక్‌షాఫ్టు మీద బిగుసుకుంటాయి, ప్లేటూ సరిపోతుంది, స్టార్టరూ తిప్పుతుంది. వేగం పెరిగాక కారంతా వణుకుతుంది. పాత ఫ్లైవీల్ వెనుక వైపు బరువు ఎంత ఉంది, ఎక్కడ తొలిచారు అన్నది పక్కన పెట్టి చూస్తే తప్ప ఈ తేడా తెలియదు. అందుకే ఈ తరహా ఇంజన్లలో, ఇంతకాలం వణుకు లేకుండా తిరిగిన పాత ఫ్లైవీల్‌ను కొత్తది కుదిరేదాకా పారేయకూడదంటారు మెకానిక్కులు.

చుట్టుపక్కల ఆచూకీలు

క్లచ్ మార్చినవారు అంతటితో ఆగడం అరుదు. రబ్బరు గొట్టానికి బదులు ఉక్కు అల్లిక గొట్టం, పొడవు సర్దుకునే స్లేవ్ సిలిండరు పుష్‌రాడ్ (నెట్టే కడ్డీ), బేరింగు వెనుక పలుచని వాషర్, రబ్బరుకు బదులు గట్టి పాలీయురేథేన్ ఇంజను మౌంటు: వీటిలో ఏది కనిపించినా లోపలి భాగాలు ఫ్యాక్టరీవి కావన్న అనుమానానికి బలం వస్తుంది. ఆ వాషర్ ప్రత్యేకించి చూడదగ్గది. చెక్కించి పలచబడిన ఫ్లైవీల్‌కో ఎత్తు తేడా ఉన్న ప్రెజర్ ప్లేటుకో సరిపడా బేరింగును ముందుకు జరపడానికి ఎవరో పెట్టి ఉంటారు. కొత్త సెట్టులో అది లేదని తీసేసినా, ఉందని అలాగే ఉంచినా, పెడల్ ఎక్కడ పట్టు వదులుతుందో మారిపోతుంది.

ఫ్యాక్టరీ స్థితికి తిరిగి వెళ్లడమా, ఉన్నదాన్నే కొనసాగించడమా

గుర్తింపు పూర్తయ్యాక మిగిలేది ఈ ఎంపిక. ఫ్యాక్టరీ భాగాలకు తిరిగి వెళ్లాలనేవారికి బలమైన కారణం ఉంది: తర్వాత వచ్చే యజమానికి కేటలాగు మళ్లీ నిజం చెబుతుంది. విడిభాగాలు దొరుకుతాయి. కానీ తిరిగి వెళ్లడమంటే ప్లేటు ఒక్కటి కాదు, ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు, బేరింగు, ఒక్కోసారి స్లేవ్ సిలిండరుతో సహా మొత్తం జత. ఇంజను శక్తి కూడా పెంచి ఉంటే ఫ్యాక్టరీ క్లచ్ జారవచ్చు. పై లెక్కలో 284 వచ్చిన ప్లేటు 350 న్యూటన్ మీటర్ల ఇంజనును మోయలేదు. ఉన్నదాన్నే కొనసాగించాలనేవారి వాదన ఇక్కడ నిలబడుతుంది, కాకపోతే వారు ఆ ప్లేటు తయారీదారును కచ్చితంగా తేల్చగలగాలి. తేల్చకుండా “ఇలాంటిదే” అని వేరే సంస్థ ప్లేటు జతచేస్తే రెండు వాదనల్లోని నష్టాలూ ఒకేచోట చేరతాయి.

ఏ గుర్తూ మిగలని ప్లేటు సంగతి వేరు. పాత మధ్యభాగాన్నీ స్ప్లైన్లనూ అలాగే ఉంచి కొత్త లైనింగు రివెట్లు కొట్టి ఇచ్చే క్లచ్ రీబిల్డర్లు ఉన్నారు. పాత ట్రాక్టర్లూ ఉత్పత్తి ఆగిపోయిన కార్లూ ఇప్పటికీ తిరుగుతున్నది చాలావరకు వారి వల్లే. వారికి ప్లేటు పేరుతో పనిలేదు. వారు అడిగేవి స్ప్లైన్ల సంఖ్య, బయటి లోపలి వ్యాసాలు, మందం, స్ప్రింగుల స్థితి, ఆ ప్లేటు తిరిగే ఫ్లైవీల్ ఏక దిమ్మా కాదా అన్నది.